ఎరువు సొమ్ము బరువు చేటేనా?

‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని మన పెద్దల మాట. పొరుగింటి నగ పెట్టుకొని పెళ్లికి వెళ్లిన ఇల్లాలికి ఆ నగ వలన కలిగే సంతోషం కన్న, అది ఎక్కడ జారిపోతుందో అన్న దిగులే ఎక్కువ అని దాని తాత్పర్యం. నగల విషయంలో ఈ మాటకు తిరుగు లేదు. మరి కళల విషయంలో? ఒక జాతి వారు మరొక జాతి నుంచి ఒక బాణీనో, ఒక వాద్యాన్నో, ఒక వేషాన్నో తెచ్చుకున్నప్పుడు అది ఎప్పటికీ ఎరువు సొమ్ముగానే మిగిలిపోతుందా? లేక తెచ్చుకున్నవారి నడకనే మార్చి, కాలక్రమాన వారి స్వార్జితంగా పరిణమిస్తుందా? అట్లా పరిణమించడానికి వారు చెల్లించవలసిన మూల్యం ఏమిటి?

ఈ ప్రశ్న మన వంటి కళాశాలకు కేవలం పుస్తకాలలోని చర్చ కాదు. ఈ సంచికను ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుంచి తెరిస్తే ఉర్దూ. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి కవ్వాలీ పుట్టింటి సొత్తు, మరొకరికి కీర్తన పుట్టింటి సొత్తు. వార్షికోత్సవ కార్యక్రమాలను ఎంపిక చేసే వేళ రెండు వాదాలు తలెత్తడం అందరికీ తెలిసినదే. ‘ఇది మనది కాదు, దీనికి వేదికపై చోటు లేదు’ అన్నది ఒక వాదం. ‘కళకు ఎల్లలు లేవు, ఎవరిదైనా తీసుకోవచ్చు, ఎట్లాగైనా వాడుకోవచ్చు’ అన్నది రెండవ వాదం. మొదటిది భయం నుంచి పుట్టినది. రెండవది సోమరితనం నుంచి పుట్టినది. రెండూ మాకు సమ్మతం కావు.

ఇంటి తగవును ఇంటి ఉదాహరణతోనే తేల్చబోతే అభిమానాలు అడ్డు వస్తాయి. అందుచేత మనలో ఎవరికీ గర్వం గాని, గాయం గాని లేని ఒక దూరపు ఉదాహరణను తీసుకొని విచారించడం మేలని మేము తలచినాము. 1981 నవంబరులో లండన్ నగరాన వెలువడిన ‘టిన్ డ్రమ్’ అనే గ్రామఫోను రికార్డు అట్టి ఉదాహరణ. టిన్ డ్రమ్ అనగా రేకు డోలు. విద్యుత్ వాద్యమైన సింథసైజర్‌నూ, ఆసియా ఖండపు బాణీలనూ జోడించిన ఆ ఆల్బమ్, దానిని రూపొందించిన బృందానికి చివరి స్టూడియో ఆల్బమ్ కూడా అయినది.

లండన్‌లో ఒక జపాన్

ఆ బృందం పేరే ఎరువు తెచ్చుకున్నది. దక్షిణ లండన్‌లోని క్యాట్‌ఫర్డ్ ప్రాంతపు కుర్రవాళ్లు 1974లో కూడి, తమ బృందానికి ‘జపాన్’ అని నామకరణం చేసుకున్నారు. అప్పటికి ఆ దేశంతో వారికి చుట్టరికం గాని, పరిచయం గాని లేదు. గాయకుడు డేవిడ్ సిల్వియన్, డ్రమ్ములు వాయించిన స్టీవ్ జాన్సెన్ అన్నదమ్ములు. వారి ఇంటిపేరు బ్యాట్. అమెరికాకు చెందిన న్యూయార్క్ డాల్స్ బృందం సభ్యుల పేర్లకు దగ్గరగా ఉండేటట్లు వారు తమ పేర్లు మార్చుకున్నారు. కీబోర్డుల ముందు రిచర్డ్ బార్బియరీ కూర్చున్నాడు. బేస్ గిటార్ వాయించిన మిక్ కార్న్ సైప్రస్ ద్వీపంలోని నికోసియాలో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో లండన్‌కు వలస వచ్చినవాడు. గిటార్ వాయించిన రాబ్ డీన్ 1981లో, టిన్ డ్రమ్ నిర్మాణానికి ముందే, బృందాన్ని విడిచిపోయినాడు.

1978లో వెలువడిన వారి తొలి రెండు ఆల్బమ్‌లకు స్వదేశంలో ఆదరణ లభించలేదు. విచిత్రమేమంటే, పేరు ఎరువిచ్చిన జపాన్ దేశమే వారిని ముందుగా అక్కున చేర్చుకున్నది. ఇంగ్లండులో చిన్న చిన్న శాలలు నింపడానికి ప్రయాసపడుతున్న రోజులలోనే, 1979లో, వారు టోక్యోలోని సువిశాలమైన బుడోకాన్ మందిరంలో పాడగలిగినారు. ఆ సంవత్సరమే వెలువడిన ‘క్వయట్ లైఫ్’తో వారి బాణీ మారినది, 1980 నాటి ‘జెంటిల్మెన్ టేక్ పోలరాయిడ్స్’లో మరింత నిగ్గు తేలినది. ఆ 1980 ఆల్బమ్‌లోని చివరి పాటకు సంగీత రచనలో చేయి కలిపినవాడు టోక్యో సంగీతకారుడు ర్యూయిచి సకమోటో. అనగా, పేరు తెచ్చుకున్న ఆరేళ్లకు గాని ఆ దేశపు మనిషితో కలసి పని చేయడం వారికి సంభవించలేదన్న మాట. పేరు అరువు తేవడం ఒక్క క్షణం పని. మనిషిని తెలుసుకోవడం ఏళ్ల పని.

రేకు డోలు లోపలి పనితనం

టిన్ డ్రమ్‌లో ఉన్నవి ఎనిమిదే పాటలు. స్టీవ్ నై అనే నిర్మాతతో కలసి బృందమే దానిని నిర్మించినది. పేర్లు చూడగానే దాని మొగ్గు ఎటువైపో తెలుస్తుంది. ‘విజన్స్ ఆఫ్ చైనా’ ఒక పాట. ‘కాంటొనీజ్ బాయ్’ మరొకటి. ‘కాంటన్’ అన్నది మాటలు లేని కేవల వాద్య రచన. ఆల్బమ్ పేరులోని రేకు డోలు కూడా ఆ కాంటన్ కుర్రవాని పాటలో మోగినదే.

ఇందులోని ప్రధాన వాద్యమైన సింథసైజర్ గురించి రెండు మాటలు. వీణలో తంత్రి, వేణువులో గాలి, మృదంగంలో చర్మం కంపిస్తే నాదం పుడుతుంది. సింథసైజర్‌లో కంపించేది విద్యుత్తు. ఆ కంపనానికి ఏ ఆకారం ఇవ్వాలి, అందులో ఏ అంశాలను వడపోయాలి, నాదం ఎంత త్వరగా లేచి ఎంత నిదానంగా అణగాలి అన్నవన్నీ వాద్యకారుడే చిన్న చిన్న మీటలు తిప్పి నిర్ణయించుకోవాలి. 1978లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తయారైన ప్రాఫెట్-5 అనే యంత్రం ఒకేసారి ఐదు స్వరాలను పలికించగలదు. ఒకసారి కూర్చిన ధ్వనిని జ్ఞాపకం ఉంచుకొని మరల అందించగలదు. టిన్ డ్రమ్‌లో వినిపించే ముఖ్య యంత్రాలలో అది ఒకటి, ఓబర్‌హైమ్ సంస్థ వారి యంత్రం మరొకటి.

అట్టి యంత్రాన్ని కొన్నవాడు తయారీదారులు ముందే సిద్ధం చేసి పెట్టిన ధ్వనులతోనే కాలం గడపవచ్చు. అధిక సంఖ్యాకులు చేసేది అదే. బార్బియరీ, సిల్వియన్‌లు ఆ మార్గం తొక్కలేదు. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క ధ్వనిని మొదటి నుంచి నిర్మించుకున్నారు. లోహపు పలకను తాకినట్లు, వెదురు గొట్టం పలికినట్లు, నీటిలో గంట కదిలినట్లు వినిపించే ఆ నాదాలు ఏ ఒక్క చైనా వాద్యానికీ నకళ్లు కావు. చైనా వాద్య బృందాన్ని వినిన చెవి, తన చేతిలోని యంత్రాన్ని కొత్తగా మాట్లాడించిన తీరు అది.

‘కాంటన్’లో ఐదు స్వరాల బాణీ ఛాయ స్పష్టంగా వినిపిస్తుంది. చైనా సంగీతానికి వెన్నెముక వంటి ఆ ఐదు స్వరాల వరుస మనకు కొత్తది కాదు. స రి గ ప ద అనే ఆ వరుసను కర్ణాటక సంగీతంలో మోహన రాగమంటాము. హిందూస్థానీలో భూపాలీ అంటారు. మన రాగానికి గమకాలున్నాయి, మన సంచారాలు వేరు. కాని మెట్లు అవే. మరి ఆ ఐదు స్వరాలు ఎవరి సొత్తు?

మిక్ కార్న్ వాయించినది మెట్లు లేని బేస్ గిటార్. వీణకు మెట్లు ఉంటాయి, సరోద్‌కు ఉండవు. మెట్లు లేని తంత్రిపై వేలు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారుతూ పోగలదు. పాశ్చాత్య పాప్ సంగీతంలో బేస్ వాద్యం సాధారణంగా పునాది రాయి వలె అడుగున అణగి ఉండేది. కార్న్ చేతిలో అది గాయకునితో సమానంగా ముందుకు వచ్చి, వంపులు తిరుగుతూ పలికినది. జాన్సెన్ రాక్ సంగీతపు అలవాటైన దరువులను ప్రక్కకు నెట్టి, ‘విజన్స్ ఆఫ్ చైనా’లో కవాతు డోళ్లను తలపించే లయలు కూర్చినాడు.

ఈ ఆల్బమ్‌లో కార్న్ ఊదిన మరొక వాద్యం పేరు ‘డిడా’. కాంటన్ ప్రాంతపు వాడుకలో అట్లా పిలుచుకునే ఆ గాలి వాద్యాన్ని చైనాలో ఇతరత్రా సువోనా అంటారు. మన నాదస్వరానికీ, షెహనాయికీ అది దాయాది. ఆ సువోనా అనే మాట పారసీకంలోని ‘సుర్నా’ నుంచి వచ్చినది. వాద్యం కూడా పడమటి నుంచి మధ్య ఆసియా మార్గాన చైనా చేరినదే. లండన్‌వారు చైనా నుంచి అరువు తెచ్చుకున్న వాద్యాన్ని చైనావారు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మరొకరి నుంచి అరువు తెచ్చుకున్నారన్న మాట. ‘ఇది మాది, ఇది మీది’ అని కచ్చితమైన గీత గీయబోయే విజ్ఞులు ఈ ఒక్క వాద్యం ప్రయాణాన్ని కాస్త పరిశీలించాలని మా విన్నపం.

ఇక ‘ఘోస్ట్స్’ అనే పాట. ఇందులో చైనా పేరు లేదు, చైనా బొమ్మ లేదు. డ్రమ్ముల దరువు అసలే లేదు. ఒక మనిషి తన మీద తనకే కలిగిన శంకలను దయ్యాలతో పోల్చుకొని, అవి మరల మరల వచ్చి తలుపు తట్టడాన్ని పాడుకుంటాడు. వెనుక అక్కడక్కడ ఒక నాదం మెరసి ఆరిపోతుంది, తక్కినదంతా నిశ్శబ్దం. నాట్యశాలలలో ఎగరడానికే పాటలు కొనే ఆ సంతలో ఇటువంటి పాట 1982లో బ్రిటన్ జనాదరణ పట్టికలో 5వ స్థానానికి ఎగబాకినది. స్వరానికీ స్వరానికీ నడుమ నున్న ఖాళీ కూడా సంగీతమేనన్న పాఠాన్ని ఆ బృందం తూర్పు సంగీతం వింటూనే నేర్చుకున్నదని మా అభిప్రాయం. నేర్చుకున్న పాఠం ఎంతగా వంటబట్టినదో, తూర్పు పేరు ఎత్తని ఈ పాటలోనే ఎక్కువగా తెలుస్తున్నది.

పూర్వపక్షం

ఇంతవరకు చెప్పినది గుణపక్షం. దోషపక్షం చెప్పకపోతే విమర్శ కాదు, స్తోత్రమవుతుంది.

ఆల్బమ్ అట్ట మీది ఛాయాచిత్రంలో సిల్వియన్ ఒక బల్ల ముందు కూర్చొని, గిన్నెలోని అన్నాన్ని చైనావారి పుల్లలతో తింటూ ఉంటాడు. పైన ఒక విద్యుద్దీపం. వెనుక గోడ మీద మావో పటం. కన్నెత్తి చూసినవారిని ఆకర్షించే చిత్రమే. కాని ఆ పటం క్రింద నిజంగా బ్రతికినవారి సంగతి ఏమిటి?

1966 నుంచి 1976 వరకు సాగిన సాంస్కృతిక విప్లవ కాలంలో చైనా సంగీత విద్వాంసులు పడిన బాధలు సామాన్యమైనవి కావు. పాశ్చాత్య సంగీతం నేర్పడం నేరమైనది; పాత సంప్రదాయ సంగీతమూ నేరమైనది; అనుమతి పొందిన కొద్దిపాటి ‘ఆదర్శ’ నాటకాలే దేశమంతటా మోగినవి. 1979లో వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ చేసిన చైనా యాత్రను చిత్రించిన ‘ఫ్రమ్ మావో టు మొజార్ట్’ అనే డాక్యుమెంటరీ చిత్రంలో, షాంఘై సంగీత విద్యాలయపు వృద్ధ ఆచార్యుడు టాన్ షూజెన్ తనను నెలల తరబడి చీకటి గదిలో బంధించిన వైనాన్ని చెబుతాడు. ఆ చిత్రానికి 1981లోనే అకాడమీ అవార్డు లభించినది. అదే 1981 జూన్‌లో చైనా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర సంఘమే సాంస్కృతిక విప్లవాన్ని ఘోరమైన తప్పిదంగా తీర్మానించినది. అదే సంవత్సరం నవంబరులో లండన్‌లో మావో పటం ఒక పాటల రికార్డుకు అలంకారమైనది.

తూర్పు దేశాలను పడమటివారు తమ ఊహలకు అనుగుణమైన బొమ్మగా చేసి చూస్తారని పాలస్తీనాలో పుట్టిన పండితుడు ఎడ్వర్డ్ సయీద్ తన ‘ఓరియంటలిజం’ గ్రంథంలో 1978లోనే విపులంగా నిరూపించినాడు. టిన్ డ్రమ్ అట్ట ఆ విమర్శకు చక్కగా లొంగుతుంది. పైగా, చైనా గురించి ఇన్ని పాటలున్న ఈ ఆల్బమ్‌లో చైనా సంగీతకారుడు ఒక్కడూ లేడు. బృందేతరులుగా వయొలిన్ వాయించిన సైమన్ హౌస్ ఆంగ్లేయుడు. గొంతు కలిపిన యూకా ఫూజీ జపాన్ వనిత. చైనాకు చోటు ఉన్నది, చైనావానికి లేదు.

‘పాట పేరులోనే దర్శనాలు అన్నారు కదా, ఇది నిజమైన చైనా అని ఎవరు చెప్పారు?’ అని వారి పక్షాన వాదించవచ్చు. ఆ సమాధానంలో కొంత సత్యం ఉన్నది. కాని ఊహించే హక్కు ఎవరికి ఎంత దక్కుతున్నదన్నదే అసలు ప్రశ్న. పేదవాని నగను ధనవంతుడు అరువు తెచ్చుకుంటే మన సామెత తలక్రిందులవుతుంది. దిగులు తెచ్చుకున్నవానికి ఉండదు, ఇచ్చినవానికే చేటు. ఎందుకంటే లోకం ఆ నగను ధనవంతుని మెడలోనే చూస్తుంది, అతనిదే అనుకుంటుంది.

సిద్ధాంతం

అయితే ఈ ఆల్బమ్‌ను మెచ్చవలెనా, త్రోసివేయవలెనా? రెండింటిలో ఒకటే చేయాలని మేము అనుకోము. ఈ ఆల్బమ్‌లో రెండు విధాలైన ఎరువులు ఉన్నాయి. ఒకటి కంటితో తెచ్చుకున్నది. రెండవది చెవితో తెచ్చుకున్నది. అట్ట మీది పటం, పుల్లలు, గిన్నె – ఇవి కంటితో తెచ్చుకున్నవి. ఒక మధ్యాహ్నం ఛాయాచిత్రం తీసి, సామాను తిరిగి పెట్టెలో పెట్టివేయవచ్చు. ధ్వనులు, లయలు, నిశ్శబ్దాలు – ఇవి చెవితో తెచ్చుకున్నవి. వీటికోసం వారు తమ పాత అలవాట్లను వదులుకున్నారు. గిటార్ మోతతో మొదలుపెట్టిన బృందం ఆ మోతనే విడిచిపెట్టినది. తెచ్చుకున్నది తమను మార్చివేయడానికి వారు అంగీకరించినారు. మొదటిది అద్దె సరుకు, రెండవది ఆర్జన.

దీనిని బట్టి మేము మూడు పరీక్షలు సూచిస్తున్నాము. మొదటిది శ్రమ: తెచ్చుకున్నవాడు నేర్చుకోవడానికి కష్టపడినాడా? రెండవది పరివర్తన: తెచ్చుకున్నది అతని సొంత వ్యాకరణాన్ని మార్చినదా, లేక పాత వంటకం మీద చల్లిన కొత్తిమీర వలె పైపైన ఉన్నదా? మూడవది కృతజ్ఞత: ఇచ్చినవాని పేరు చెప్పినాడా, అతనిని తన ప్రక్కన కూర్చోబెట్టుకున్నాడా? మొదటి రెండింటిలో టిన్ డ్రమ్ నెగ్గినది. మూడవదానిలో ఓడినది.

ఆ ఓటమిని కొంత సరిదిద్దినది తరువాతి చరిత్ర. 1982 డిసెంబరు 16న జపాన్ దేశంలోని నగోయా నగరంలో చివరి కచేరీ చేసి ఆ బృందం విడిపోయినది. పేరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఆ నేల మీదనే దానిని దించి పెట్టినారన్న మాట. అటుపిమ్మట సిల్వియన్ సకమోటోతో కలసి పని చేస్తూ వచ్చినాడు. 1983 నాటి ‘మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్’ చిత్రానికి సకమోటో కూర్చిన ఇతివృత్త బాణీకి సిల్వియన్ మాటలు వ్రాసి పాడిన ‘ఫర్‌బిడెన్ కలర్స్’ ఆ స్నేహఫలమే. అందులో తూర్పు ఒక గోడ పటం కాదు. ఎదుట కూర్చొన్న సమానుడు. మిక్ కార్న్ 2011లోను, సకమోటో 2023లోను కాలధర్మం చెందినారు. వారు చేసిన పని నిలిచి ఉన్నది.

టోక్యో జవాబు, బొంబాయి జవాబు

పడమటివారు తీసుకోవడం, తూర్పువారు మౌనంగా ఇచ్చుకోవడం – కథ ఇంతే అనుకుంటే అది కూడా పొరపాటే. 1978లో టోక్యోలో హారువోమి హొసోనో, యుకిహిరో తకహాషి, సకమోటో అనే ముగ్గురు ‘ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా’ను స్థాపించినారు. హవాయి దీవులలో స్థిరపడిన మార్టిన్ డెన్నీ అనే అమెరికన్, తూర్పు దేశాలను ఊహించి 1950లలో కూర్చిన ‘ఫైర్‌క్రాకర్’ అనే రచనను వారు తీసుకొని, సింథసైజర్లపై తిరిగి వాయించినారు. తమను గురించి పరులు గీసిన బొమ్మను తామే తీసుకొని, తమ యంత్రాలతో, చిరునవ్వుతో తిరిగి చూపించినారు. వాదించి గెలవడం ఒక పద్ధతి. వాయించి గెలవడం మరొక పద్ధతి.

బొంబాయి జవాబు ఇంకా ఆశ్చర్యకరమైనది. హిందీ చలనచిత్రాల వాద్యబృందాలలో పని చేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో జపాన్ దేశపు రోలాండ్ సంస్థ వారి యంత్రాలను ముందుంచుకొని, పది రాగాలను డిస్కో లయపై వాయించి ఒక రికార్డు చేసినాడు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా దానిని విడుదల చేసినది. ఆ పది రాగాలలో భూపాలీ కూడా ఉన్నది. లండన్‌లోని ‘కాంటన్’ వెనుక తొంగిచూసిన ఆ ఐదు స్వరాలే బొంబాయిలో మరొక యంత్రంపై మోగినవి. ఒకరు తూర్పు బాణీని వెదకుతూ యంత్రం దగ్గరకు వచ్చినారు. మరొకరు తమ బాణీతోనే యంత్రం దగ్గరకు నడిచినారు.

అయితే ఫలితం ఒకటి కాలేదు. టిన్ డ్రమ్ వెలువడిన వెంటనే బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 12వ స్థానం వరకు వెళ్లినది. చరణ్‌జిత్ సింగ్ రికార్డు అమ్ముడుపోక మరుగున పడినది. 2010లో హాలెండ్ దేశస్థులు దానిని పునర్ముద్రించిన తరువాత గాని, అమెరికాలోని షికాగోలో 1987లో రికార్డుకెక్కిన ఒక కొత్త నాట్య సంగీతాన్ని ఈయన అయిదేళ్ల ముందే స్పృశించినాడని లోకం గుర్తించలేదు. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో ఐరోపా వేదికలపై వాయించి, 2015లో ఆయన కన్నుమూసినాడు. మన మనిషి గొప్పతనాన్ని పరదేశీయులు వచ్చి చెప్పేవరకు మనకు తెలియకపోవడం ఎవరి దోషం? పడమటివారి గోడ మీది పటాన్ని తప్పుపట్టే మనం, మన ఇంటి బీరువాలోని రికార్డు మీద పేరుకున్న దుమ్మును కూడా చూసుకోవాలి.

మన సంగతి

ఇక మన ఇంటికి వద్దాము. ‘ఇది మనది కాదు’ అనే వాదం చేసేవారు దయచేసి రెండు వాద్యాలను తలచుకోవాలి. వయొలిన్ ఐరోపా వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని చేపట్టి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచిన ఆద్యులలో ఒకరు. అటుపిమ్మట అది విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో పలికినప్పుడు, దాని జన్మస్థలం ఏదని అడిగినవారు లేరు. హార్మోనియం కూడా ఐరోపాలో, ప్యారిస్ నగరంలో రూపు దిద్దుకున్నదే. ఆకాశవాణి 1940లో దానిని గాలిలోకి రానీయకుండా బహిష్కరించినది. ఆ నిషేధం 1971 వరకు సడలలేదు. మన గమకాలను, మీండ్‌లను అది పలకలేదన్న ఆక్షేపణలో నిజం లేకపోలేదు. కాని ఈనాడు హార్మోనియం లేని కవ్వాలీని ఎవరు ఊహించగలరు? మన పౌరాణిక నాటకాలలో పద్యానికి శ్రుతి ఇచ్చినది అదే కదా! ఎరువు సొమ్మును కొన్ని తరాల శ్రమ పుట్టింటి సొమ్ముగా మార్చినది.

‘ఎట్లాగైనా వాడుకోవచ్చు’ అనే రెండవ వాదానికి కూడా అదే సమాధానం. ఆ మార్పు ఊరకే రాలేదు, సాధనతో వచ్చినది. ఈనాటి కీబోర్డులో ఒక మీట నొక్కితే తబలా మోగుతుంది, మరొక మీట నొక్కితే సితార్ పలుకుతుంది. నొక్కే వేలికి తాళం తెలియనక్కరలేదు, రాగం తెలియనక్కరలేదు. ఇది టిన్ డ్రమ్ అట్ట మీది మావో పటం వంటిదే – క్షణంలో తగిలించి, క్షణంలో తీసివేసే అలంకారం. యంత్రం దోషం లేదు. బార్బియరీ చేతిలో ఉన్నదీ యంత్రమే, చరణ్‌జిత్ సింగ్ చేతిలో ఉన్నదీ యంత్రమే. యంత్రం ఇచ్చినదానితో సరిపెట్టుకోని పట్టుదల వారిది.

కనుక విద్యార్థి మిత్రులకు మా మనవి ఇది. పరుల బాణీని పాడండి; వెనుదీయవద్దు. ఉర్దూ విద్యార్థి తెలుగు పద్యం పాడాలి, తెలుగు విద్యార్థి గజల్ పాడాలి. కాని పాడే ముందు ఆ మాటకు అర్థం అడగండి, ఉచ్చారణ దిద్దుకోండి, ఆ బాణీ తెలిసినవారి ఎదుట ఒకసారి తప్పులు పాడి దిద్దించుకోండి. నాలుగు రోజుల శ్రమ లేకుండా వేదిక ఎక్కిన పాట పొరుగువారికి చేసే గౌరవం కాదు, పరిహాసం.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. వార్షికోత్సవ కార్యక్రమ పత్రంలో పాడేవారి పేరు ప్రక్కనే ఆ రచన ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరివద్ద నేర్చుకున్నారు అన్న మూడు వివరాలూ అచ్చు వేయించండి. ఇందుకయ్యే ఖర్చు నాలుగు పంక్తుల సిరా మాత్రమే. దీనివలన నేర్పడే కృతజ్ఞత మాత్రం వెల కట్టలేనిది. రెండవది, గ్రంథాలయంలో వారానికి ఒక గంట శ్రవణానికి కేటాయించండి. ద్వారంవారి వయొలిన్, కవ్వాలుల గానం, చరణ్‌జిత్ సింగ్ రాగాలు, ఈ రేకు డోలు – అన్నీ ఒకే గదిలో, ఒకే శ్రద్ధతో వినడం పిల్లలకు అలవాటు కావాలి. విన్న తరువాత మెచ్చుకోవచ్చు, నిరసించవచ్చు. వినకుండా చేసే తీర్పుకు మాత్రం విద్యాలయంలో చోటు ఉండకూడదు.

ఎరువు సొమ్ము బరువు చేటే, సందేహం లేదు – దానిని నగగా మెడలో వేసుకొని తిరిగేవారికి. విత్తనంగా అరువు తెచ్చుకొని, తన పొలంలో చల్లి, తన చెమటతో తడిపినవానికి అది పంట అవుతుంది. పంట ఇంటికి వచ్చిననాడు విత్తనం ఇచ్చినవానికి కొలిచి ఇవ్వవలసిన భాగం ఒకటి ఉన్నదని మరవకుంటే చాలు.